నీళ్ల వంతుకు మూడాకులాట

పేకాట అంటే నాకు రోత. ఆట మీద కాదు ఆ రోత, ఆడేవాళ్ల మీద. మోకాళ్ల పైకి ఎగగట్టిన లుంగీలు, చెమటకు ఒంటికి అతుక్కున్న బనీన్లు, బుగ్గన వక్కాకు, కూర్చున్న చోటికి చెయ్యెడు దూరంలోనే ఉమ్మిన ఎర్రటి మరకలు, వాటి మీద ఈగలు. ఆ చేతులతోనే ముక్కు చీదుతారు, ఆ చేతులతోనే ఆకులు కలుపుతారు, ఆ చేతులతోనే నేను తెచ్చిన మజ్జిగ గ్లాసు అందుకుంటారు. మా వైపు పేకముక్కల్ని ఆకులంటారు. మా మోటారు షెడ్డు గోడ సందులో దోపి ఉండే కట్ట ఎప్పుడు కొన్నదో ఎవరికీ గుర్తులేదు. అంచులు నల్లబడి, జిడ్డు పట్టి, కళావరు రాణికి గడ్డం మొలిచినట్టుండేది. దాన్ని ముట్టుకున్నాక సబ్బుతో ఎంత కడుక్కున్నా వేళ్ల వాసన పోదు.

అలాంటి ఆకులు చేతబట్టి, ఎనిమిదిమంది మగవాళ్ల మధ్య చాప మీద, నేను ఒక రోజంతా కూర్చున్నాను. సరదాకు కాదు, మా చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, పొద్దుటి నీళ్ల కోసం.

నీళ్లకూ ఆకులకూ ఏం సంబంధమని బయటివాళ్లు అడుగుతారు. అడగాల్సిందే. మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నా మెట్టినింటి వాళ్లు తొమ్మిది ఇళ్ల దాయాదులు. ఎవరికి వారు వేసుకున్న బోర్లు ఒకదాని వెనుక ఒకటి ఎండిపోయాయి. చివరికి తొమ్మిది ఇళ్లూ కలిసి వంక పక్కన ఒక బోరు వేయించుకున్నాయి. నా మెడలోని గొలుసు దానికే పోయింది. నీళ్లు పడిన రోజు గడ్డాలు నెరసినవాళ్లు కూడా ఒకరి మీద ఒకరు బురద చల్లుకుని చిన్నపిల్లల్లా గెంతారు. ఆ నీళ్లే ఇంతమందిని ఇంత చులకన చేస్తాయని ఆ రోజు ఎవరనుకున్నారు?

వానాకాలంలో ఏ బాధా లేదు. ఎండలు ముదిరాకే అసలు కథ. బోరు రాత్రంతా ఊరుతుంది కాబట్టి పొద్దున్నే మోటారు వేసినవాడికి పైపు నిండా వస్తాయి. మధ్యాహ్నానికి సగమవుతాయి. సాయంత్రం వంతువాడికి గాలి, నురగ, మధ్య మధ్య గుక్కెడు నీళ్లు. రోజుకు ముగ్గురి చొప్పున మూడు రోజుల్లో తొమ్మిది ఇళ్లకూ వంతు వస్తుంది కానీ, పొద్దుటి వంతు మాత్రం ముగ్గురికే దక్కుతుంది. ఆ ముగ్గురూ ఎవరన్నదే తగువు. నెలకొకసారి వంతులు వరసగా మార్చుకుంటూ పోతే సరిపోతుందని రెండో తరగతి పిల్లనడిగినా చెప్తుంది. మా పెద్దమనుషులకు అది నచ్చలేదు. నా నెలలోనే కరెంటు పోయిందని ఒకడు, నా నెలలోనే మోటారు కాలిందని ఒకడు ఏడ్చారు. చీటీలు వేస్తే చీటీలు మడిచినవాడి మీద అనుమానపడ్డారు. అప్పుడు అందరిలోకీ పెద్దవాడైన మా పెద్దబావ గోడ సందులోంచి ఆకుల కట్ట తీశాడు. తలా ఒక ఆకు లాగి, పెద్దది వచ్చినవాడికి పొద్దుటి వంతు అన్నాడు. అక్కడితో ఆగినా మర్యాదగా ఉండేది. ఏడాది తిరిగేసరికి అది మూడాకులాట అయింది. మా ఊళ్లో అమావాస్య నాడు సేద్యం పనులు పెట్టుకోరు. వేసవిలో ప్రతి అమావాస్యా పొద్దున్నే షెడ్డులో చాప పరిచి, ఆ నెల నీళ్లను ఆటలో తేల్చుకోవడం ఆచారమైపోయింది. జనం దేన్నయినా ఆచారం అనేస్తే ఇక దాన్ని కదిలించలేం.

ఆట తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్తాను. తలా మూడు ఆకులు పంచుతారు. మూడూ ఒకటే అయితే, అంటే మూడు రాజులో మూడు తొమ్మిదులో, దానికి మించింది లేదు. దాని తర్వాత వరసగా వచ్చినవి, తర్వాత మూడూ ఇస్పేట్లో మూడూ ఆఠీన్లో అయి ఒకే గుర్తువి, ఆ తర్వాత జత. ఏదీ లేకపోతే ఎవరి ఆకు పెద్దదైతే వాళ్లది. పంచక ముందే అందరూ మధ్యలో ఒక్కో కాయ వేయాలి. ఆకులు చూడకుండా ఆడితే ప్రతిసారీ ఒక కాయ, చూసి ఆడితే రెండు. నచ్చకపోతే పారేసి ఊరుకోవచ్చు. చివరికి ఇద్దరు మిగిలితే ఒకరు చూపించమంటారు, పెద్దవి ఉన్నవాడు కుప్పంతా లాక్కుంటాడు.

కాయలంటే శెనక్కాయలు. డబ్బు పెడితే జూదమవుతుందని, మనం చేసేది జూదం కాదు పంపకమని పెద్దబావ సిద్ధాంతం. అందరికీ సమంగా లెక్కపెట్టి ఇస్తారు. కాయలన్నీ పోగొట్టుకున్నవాడు లేచిపోవాలి. చివరికి చాప మీద మిగిలిన ముగ్గురిదీ పొద్దుటి వంతు. వాళ్లకు ముందు లేచిన ముగ్గురిది మధ్యాహ్నం. అందరికంటే ముందు లేచినవాళ్లది సాయంత్రపు గాలి.

ఆ కాయల దగ్గరా రోతే. తాడిపత్రి నుంచి బండలు తోలే లారీ ఉన్న మా మరిది ఒకడు, ఓడిపోతున్న కొద్దీ తన కాయలు వలుచుకుని తినేవాడు. ఎట్లాగూ పోయేవే కదా, ఒకడికి పెట్టడమెందుకని అతని లెక్క. ఇంకొకరెవరో ఇంటి నుంచి జేబులో పోసుకొచ్చి కలిపేవారు. ఒక అమావాస్య రోజు మొదట పంచినవాటికంటే చివర్లో ఎక్కువ కాయలు తేలాయి. అన్నదమ్ములు కాలర్లు పట్టుకున్నారు. ఆ తగువు తెంచడానికి నేనే కాయల్ని పసుపు నీళ్లలో ముంచి ఎండబెట్టి ఇచ్చాను. బయటి కాయ కలిస్తే తెల్లగా తెలిసిపోతుంది కదా. కలపడం ఆగింది గానీ తినడం ఆగలేదు. పళ్లతో కొరికి వలిచినవాడి మూతి పచ్చగా మారేది. నీళ్లు పంచుకోవడానికి కూర్చున్న పెద్దమనుషుల సభ, సగం మంది మూతులకు పసుపు. పెళ్లికూతుళ్లకు కూడా అంత పసుపు పూయరు.

మా ఆయన చెడ్డవాడు కాదు. తాగడు, అబద్ధమాడడు, ఒకరి గట్టు జానెడు జరపడు. ఆకులు మాత్రం పారేయలేడు. చేతిలో రెండు, ఐదు, తొమ్మిది లాంటి చెత్త ఉన్నా రెండు కాయలు తోసి, "ఇంగొకటి చూద్దాం" అంటాడు. ఏం చూస్తాడు? ఆకులు మారవు కదా. ఎదుటివాడు భయపడి పారేస్తాడని ఆశ. ఎదుటివాడూ అదే ఆశతో, అదే మాట అంటూ రెండు కాయలు తోస్తాడు. చాప చుట్టూ తొమ్మిది నోళ్లలో అదే మాట. వినీ వినీ నాకు ఆ మాట మీదే అసహ్యం పుట్టింది.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, అది ఆకుల దగ్గర నేర్చుకున్న బుద్ధి కాదని. ఈ నేల మీద పుట్టినవాళ్లందరి జబ్బది. ఒక పదును వాన పడితే చాలు, శెనక్కాయ విత్తేస్తారు. తర్వాత నెలంతా మబ్బుల కేసి చూస్తారు. మొలకలు మాడిపోతున్నా దున్నేయరు. ఇంకొక్క వాన చూద్దాం అంటారు. దింపుడు కళ్లం ఆశ. చేలో ఆ ఆశ లేకపోతే ఇక్కడ ఒక్క మనిషీ మిగిలేవాడు కాదేమో, దాన్ని నేను తప్పుపట్టను. చాప మీదికి కూడా అదే మోసుకొచ్చారు. ఒకసారి మా ఆయన్ను నిలదీసి అడిగాను, చెత్త వచ్చినప్పుడు పారేస్తే నీ సొమ్మేం పోయిందని. విత్తినాక పీకేసే మొగోడు యాడన్నా ఉంటాడా అన్నాడు. పక్కనున్న ఎనిమిదిమందీ తలలూపారు. ఎవడి నోట మన్ను పడుతున్నదో వాడికే తెలియదు.

ఆ ఏడు మాఘ అమావాస్యకూ ఫాల్గుణ అమావాస్యకూ మా ఆయన మొదట్లోనే లేచాడు. రెండు నెలలు సాయంత్రపు గాలే మాకు. చీనీ చెట్లు ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. పిందెలు గోళీ కాయలంత కాకముందే రాలిపోయాయి. పొద్దున్నే తోటలోకి పోతే కాళ్ల కింద పిందెలు చిట్లేవి. వైశాఖం కూడా ఇట్లాగే పోతే చెట్టే ఉండదు. చీనీ చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, చావడానికి ఒక వేసవి చాలు. వచ్చే అమావాస్యకు నేను కూర్చుంటానని ఆయనతో చెప్పాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

నాకు ఆట ఎట్లా తెలుసని మీకు అనుమానం రావచ్చు. ఎవరూ నేర్పలేదు. మూడు వేసవుల పాటు ఆ షెడ్డుకు మజ్జిగ మోసింది నేనే. మజ్జిగ చెంబుతో వెనుక నిలబడితే ఒక్కడూ ఆకులు దాచుకునేవాడు కాదు. పక్కనున్న తమ్ముడికి కనబడకుండా ఎదకు అదుముకునేవాళ్లు, నాకు మాత్రం ముఖం మీద పెట్టినట్టు కనిపించేవి. ఆడమనిషికి ఏం తెలుస్తుందిలే అన్న ధీమా. ఆ చులకనను అప్పట్లో మింగాను గానీ, అది నాకు ఎంత పనికొచ్చిందో చెప్పలేను. పెద్దబావకు మంచి ఆకులు వస్తే వక్కాకు నమలడం ఆపేస్తాడు. లారీ మరిదికి చెత్త వస్తే పాటలు, వెటకారాలు, గట్టిగా నవ్వు. మంచివి వస్తే మాట పడిపోతుంది, అరచెయ్యి తొడకు తుడుచుకుంటాడు. అతను ఫోన్లో పోకర్ అనే ఆట కూడా ఆడేవాడు. అదీ ఇదీ ఒక తల్లి పిల్లలేనని, అందులో తనను మించినవాడు లేడని గొప్పలు చెప్పేవాడు. చెప్పేటప్పుడూ చెయ్యి తొడ మీదే ఉండేది.

ఇంకో సంగతి కూడా అక్కడ నిలబడే కనిపెట్టాను. ముగ్గురే ఆడుతుంటే చిన్న జత వచ్చినా పండగే. తొమ్మిదిమంది ఆడేటప్పుడు అదే జత మనిషిని ముంచుతుంది. అంతమందిలో ఎవరో ఒకరి దగ్గర దాన్ని మించింది ఉండనే ఉంటుంది. పారేస్తే పోయేది పంచక ముందు వేసిన ఒక్క కాయ. పట్టుకుని వేలాడితే పోయేది దోసెడు. మనకు కావలసింది అందరినీ గెలవడం కాదు, ఆరుగురు లేచేదాకా కూర్చోవడం. ఇంత చిన్న లెక్క తొమ్మిదిమంది మగవాళ్లలో ఒక్కడి బుర్రకూ ఎక్కలేదు.

వైశాఖ మాసపు వంతులు తేల్చే అమావాస్య వచ్చింది. పొద్దున్నే మజ్జిగ చెంబు లేకుండా షెడ్డులోకి పోయి చాప మీద కూర్చున్నాను. మా ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. లారీ మరిది కిసుక్కున నవ్వాడు. పెద్దబావ బయటికి ఉమ్మి వచ్చి, నింపాదిగా అన్నాడు.

"ఏమ్మా, ఆడోళ్లు కూచునే తావా ఇది?"

"బోరుకు నా గొలుసు తీసుకున్నప్పుడు అది ఆడదా మొగదా అని అడిగినారా బావా?" అన్నాను.

ఇంటికొక మనిషి అన్నదే కట్టుబాటు గానీ ఆ మనిషికి మీసముండాలని ఎవరూ రాసుకోలేదు. కాసేపు గొణిగారు, తలలు గోక్కున్నారు, చివరికి కాయలు లెక్కపెట్టారు. ఎక్కడ కూర్చోవాలో ముందే అనుకుని వచ్చాను కాబట్టి కాస్త జరిగి, లారీ మరిది ఆడిన వెంటనే నా వంతు వచ్చేటట్టు సర్దుకున్నాను. నోరున్నవాడు ముందు ఆడితే అతని చేతిలో ఏముందో విని ఆడొచ్చు. అతను నా తర్వాత ఆడితే నేను గుడ్డిదాన్ని.

మొదటి ఆట పంచారు. చూశాను, చెత్త, పారేశాను. రెండోదీ పారేశాను. మూడోసారి మూడుల జత వచ్చింది. చాప చుట్టూ ఎనిమిది మంది ఇంకా ఆకులు పట్టుకునే ఉన్నారు, అదీ పారేశాను. వదినకు వంట గుర్తొచ్చినట్టుంది, అన్నాడు లారీ మరిది. అందరూ నవ్వారు. పోయిన జన్మలో నువ్వు చెత్త ఊడ్చేదానివేమోనమ్మా అన్నాడు పెద్దబావ. నవ్వినప్పుడల్లా వక్కాకు తుంపరలు చాప మీద పడుతున్నాయి. నా కొంగు దగ్గరికి లాక్కున్నాను. వాళ్ల నవ్వు నాకేం నొప్పి కాలేదు. నొప్పల్లా ఆ వాసన, ఆ వేడి, ఎవరిదో మోచెయ్యి మాటిమాటికీ నాకు తగలడం. మజ్జిగ చెంబుతో నిలబడి చూడటం వేరు, ఆ జిడ్డులో కూర్చోవడం వేరు.

వాళ్లను బెదిరించే ప్రయత్నం నేను చేయలేదు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించి కాయలు తోస్తే ఎదుటివాడు భయపడాలి కదా. పారేయడం రానివాళ్ల ముందు ఆ వేషం దండగ. చేతిలో ఉన్నప్పుడే ఆడాను. ఒకసారి ఆఠీన్లు మూడు వచ్చాయి, ఒకసారి ఏడు ఎనిమిది తొమ్మిది వచ్చాయి. ఆ రెండుసార్లూ నేను కాయలు తోస్తుంటే, పొద్దున్నుంచీ పారేస్తున్న మనిషి ఎందుకు తోస్తున్నదని ఒక్కడూ అనుకోలేదు. ఇంగొకటి చూద్దాం, ఇంగొకటి చూద్దాం అంటూ నా ముందుకే తెచ్చి పోశారు. అలాంటివాళ్ల చేతుల్లో నీళ్లున్నాయా అని భయమేసింది నాకు.

ఎండ నడినెత్తికి రాకముందే ముగ్గురు లేచారు. అందులో ఒకడికి టమాటా తోట ఉంది, కాయ పట్టే సమయం. లేచి, పైన తువ్వాలు దులుపుకుని, స్టార్టరు పెట్టె పక్కన కూలబడ్డాడు. అతని తోటకు ఇక నెలంతా గాలే. ఆ ముఖం వైపు ఎవరూ చూడలేదు. చూస్తే ఆట సాగదు. చాప మీద మిగిలినవాళ్లు ఇంకాస్త ఎడంగా, సౌకర్యంగా జరిగి కూర్చున్నారు. ఆ జరగడం చూస్తే నాకు ఉమ్మినదానికంటే ఎక్కువ ఏవగింపు కలిగింది. సాటివాడి చెట్టు ఎండితే తప్ప నా చెట్టు బతకని ఏర్పాటు. అందులో నేనూ కూర్చుని, కొంచెం జరిగాను.

పొద్దు వాలేసరికి నలుగురం మిగిలాం. పెద్దబావ, లారీ మరిది, ఇంకొక దాయాది, నేను. ఇంకొక్కరు లేస్తే చాలు. నా ముందు కాయలు చాలా తక్కువ ఉన్నాయి. ఆకులు పంచారు. ఎత్తి చూస్తే రెండు రాణులు, ఒక నాలుగు. పొద్దున్నుంచీ వచ్చిన జతల్లో అదే పెద్దది. నలుగురిలో రాణుల జత అంటే తోయాల్సిందే అనిపిస్తుంది ఎవరికైనా. నా వెనుక మా ఆయన ఊపిరి గట్టిగా వినిపించింది. ఆకులు చూసినట్టున్నాడు.

నా వంతు వచ్చేముందు లారీ మరిది ఆడాడు. రెండు కాయలు తోశాడు. పాట లేదు, వెటకారం లేదు. చెయ్యి తొడకు తుడుచుకున్నాడు. తల తిప్పి చూస్తే పెద్దబావ దవడ కదలడం లేదు. ఒకడే అయితే తెగించేదాన్నేమో. ఇద్దరూ ఒకేసారి మూగబోయారు. రాణుల్ని బోర్లా పెట్టి చాప మధ్యకు తోసేశాను. వెనుక నుంచి మా ఆయన "అయ్యో" అన్నాడు, బిడ్డ చెయ్యి జారినట్టు.

మిగిలిన దాయాది కూడా పారేశాడు. వాళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. మరిది దగ్గర కాయలు అయిపోవచ్చినా ఆగలేదు. ఇంగొకటి చూద్దాం, ఇంగొకటి చూద్దాం. చివరి కాయలు కూడా కుప్పలో వేసి చూపించమన్నాడు. అతనివి మూడూ డైమాన్లు. పెద్దబావవి పది, జాకీ, రాణి, వరసగా. మరిది చాప మీది నుంచి లేచాడు. పచ్చటి మూతితో అట్లాగే నిలబడి, మధ్యలోని కుప్ప వైపు, తర్వాత నా వైపు చూశాడు. నేనేం గెలవలేదు. ఊరికే కూర్చున్నాను. పొద్దుటి వంతు నాకు వచ్చింది.

ఇంటికి వచ్చాక మా ఆయన వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ, రాణుల జత పారేస్తివి కదా అన్నాడు. పొద్దుటి నీళ్లు వచ్చినందుకు సంతోషం లేదు ఆయనకు, రాణుల కోసం బాధ. అప్పుడు విసుక్కుంటూనే నచ్చచెప్పాను. చేతిలో ఉన్నవి ఎంత మంచివో కాదు చూడాల్సింది, నిలబడతాయో లేవో చూడాలని. నిలబడవని తెలిసిన క్షణమే ఆశ పెట్టుకోకుండా పారేయాలని, మిగిలినవి దక్కేది అందుకేనని. కాళ్లు తుడుచుకుంటూ విన్నాడు.

పొద్దుటి వంతు పది పన్నెండు రోజులు బాగానే సాగింది. డ్రిప్పు పైపుల చివరిదాకా నీళ్లు పోయాయి. ముడుచుకున్న ఆకులు కాస్త విప్పారాయి. తర్వాత బోరు ఇంకా కిందికి దిగింది. పొద్దున్నే వేసినా పైపు సగమే నిండేది, కాసేపటికే మోటారు గొంతు మారేది, గాలి కక్కేది. పొద్దుటి వంతుకే ఆ గతి పట్టిందంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇన్నాళ్లూ వాళ్లు ఆకులు పట్టుకుని తన్నుకున్నది ఒక ఖాళీ గొట్టం కోసమన్నమాట. నవ్వొచ్చింది, ఆ నవ్వు మీద కూడా రోత కలిగింది.

మా తోట రెండు మడులు. వంక వైపు మడి ఒండ్రు నేల. గుట్ట వైపుది గరుసు నేల, పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. రెండు మడులకూ నీళ్లు విడివిడిగా పోవడానికి రెండు గేటువాల్వులు ఉన్నాయి. గుట్ట వైపు చెట్లు ముందు నాటినవి. ఇంటింటి బోర్లూ ఎండిపోయిన ఏడాది, ఆ మొక్కల్ని నేను బిందెలతో నీళ్లు మోసి బతికించాను. ఊళ్లోని చేతిపంపు దగ్గర నిలబడి, తిట్లు తిని, చంకలు ఒరుసుకుపోయి. ఏ చెట్టు ఎటు వంగిందో, దేనికి ఏ కొమ్మ విరిగిందో కళ్లు మూసుకుని చెప్పగలను.

మా వంతు రోజున తెల్లారగానే మోటారు వేసి తోటలోకి పోయాం. నీళ్లు రెండు మడులకూ పోతూ, ఏ మడికీ చాలకుండా, చెట్టు మొదట్లో మట్టి తడిసీ తడవకుండా ఉంది. మా ఆయన సాళ్ల వెంట చివరిదాకా నడిచి వచ్చాడు. ఒకటి రెండు చెట్ల దగ్గర బెరడు గోటితో గీరి చూశాడు. తిరిగి వచ్చి గుట్ట వైపు గేటువాల్వు ముందు గొంతుక్కూర్చుని దాని మీద చెయ్యి వేశాడు.

ఏం చేస్తున్నావని అడిగాను. తెలిసే అడిగాను.

"నువ్వే చెప్తివి గదా," అన్నాడు తలెత్తకుండా. "నిలబడవని తెలిసినాక పారేయాల అని. వంక వైపువన్నా నిలబడతాయి."

ఆయన గొంతులో వెటకారం లేదు. ఎప్పుడూ ఒక్క చెత్త ఆకు పారేయలేని మనిషి, కూర్చుని, లెక్క వేసుకుని, సగం తోట పారేయడానికి వచ్చాడు. లెక్క సరైనదే. నేను నేర్పిన లెక్కే. ఆ మడి కేసి చూశాను. మొదటి సాలులో వంకర చెట్టు, దాని పక్కన పాము కుబుసం దొరికిన చెట్టు, దాని పక్కది.

"ఇంగొక్క తడి చూద్దాం," అన్నాను.

ఆయన తలెత్తి నా ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల దించుకుని, రెండు చేతులతో వాల్వు తిప్పి మూసేశాడు.